చేతికి గంతలు

కంబదూరు దాటి, వంక ఇసకలో
జీపు పోలేని కాడ దిగి నడిస్తే కెంచమ్మ రొప్పం.
తుమ్మకంప పక్కకు లాగి లోపలికి పిలిచింది.
మంచుపెట్టె నా భుజాన, సూదులు మునీర్ భుజాన.
జీవాలింకా నెమరేస్తున్నాయి.

ఒక్కోదాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి
గొంతు పక్క ఉన్ని పాయదీసి, బొటనవేలితో నరం లేపి
ఐదు మిల్లీలీటర్లు.
చెవిపోగు నంబరు రాయాలి నేను.
ఆమె పేర్లు చెబుతుంది.
"ఇది కుచ్చుది. ఇది సుక్కది.
ఇది వాళ్లమ్మ సస్తే సీసాపాలు తాగి పెరిగిన దొంగముండ."
ఆ గడి కాగితంలో లేదు.
యాభై నాలుగు. యాభై ఐదు. యాభై ఆరు.

ఈ ఏడు పదకొండు ఈసుకపోయినాయంట.
ఉన్ని కూడా రాని పిల్లల్ని వంకలో పూడ్చి
కుక్కలు తవ్వకుండా రాళ్లు పెట్టిందంట.
"ఎవురి కన్నో" అంది మొదట.
తర్వాత, నా వైపు చూడకుండా,
"నాకూ జరం సారూ. పగలుండదు.
పొద్దు వాలితే గొంగడి కప్పుకోని వస్తాది,
తెల్లారితే లేసి పోతాది. మూడు నెల్లాయ."

కాగితం చదివి వినిపించాం, వేలిముద్ర వేసింది.
నర్సు వరాలమ్మ ఆమె నెత్తురూ తీసింది.

పదిహేడో ప్రశ్న:
రోజుకు ఎన్ని గంటలు పశువులతో గడుపుతారు?
"వాటితో లేంది ఎప్పుడో అడుగు, సెప్తా.
నా పెండ్లప్పుడు ఒక పూట.
కాన్పుకు పెద్దాసుపత్రిలో రెండు దినాలు."
ఇరవై నాలుగు అని రాశాను.
పద్దెనిమిది దాటితే తప్పంది కంప్యూటరు.

అనంతపురం ప్రయోగశాలలో
తెల్లపలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క గులాబిరంగు మందు.
పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు ఊపుతూ చూడాలి.
రోగం లేకుంటే నున్నగా ఉంటుంది.
ఉంటే, పాలు విరిగినట్టు విరుగుతుంది.
సుక్కది విరిగింది. కుచ్చుది విరగలేదు.
సీసాపాల దొంగముండ విరిగింది.
చివరి గడిలో కెంచమ్మ చుక్క.
నాలుగు నిమిషాలు అవసరం పడలేదు.
అదే రంగు, అవే పలుకులు.
పక్కన పెన్నుతో రాసి ఉండకపోతే
ఏది గొర్రెదో ఏది మనిషిదో చెప్పలేకపోయేవాణ్ని.

ఆమెకు ఆరు వారాల మాత్రలు.
"వాటికి?"
వాటికి మాత్రల్లేవు, వేరు చేయాలన్నారు డాక్టరు.
"వేరు చేసి?"
డాక్టరు బూటుకంటిన మట్టి చూసుకున్నారు.
"సంతలో అమ్మితే ఇంకోరి రొప్పంలో ఈసుకపోతాయి గదా"
అని ఆమే అనుకుంది.
ఆ మాట మా నివేదికలో పదకొండో పేజీ.
అక్కడికి రావడానికి మాకు రెండేళ్లు పట్టింది.

ఈ నెల చేతి తొడుగులు పంచాం, పెట్టెకు వంద.
నేనున్నప్పుడే కుచ్చుదానికి నొప్పులు, పిల్ల అడ్డం తిరిగింది.
కెంచమ్మ రెండు చేతులకూ తొడుక్కుంది,
లోపలికి పోనిచ్చి కండ్లు మూసుకుంది.
చాలాసేపు.
శెనక్కాయ కట్టె నములుతూ మిగతా మంద ఇటే చూస్తోంది.
"కాలేదో తలేదో తెలీడంల్యా సారూ,
చేతికి గంతలు కట్టినట్టుంది"
అని కుడిది ఊడపెరికి పారేసింది.

వద్దనాలి నేను. అదే నా ఉద్యోగం.
నోరు తెరిచేలోగా
రెండు గిట్టలు, వెనకే ముక్కు,
ఆవిర్లు పోతూ ఒక తడి ముద్ద కట్టె మీద జారి తుమ్మింది.
కెంచమ్మ సబ్బడిగింది.
మోచేతిదాకా మూడుసార్లు రుద్దుకుంది,
నేను లెక్కపెడుతున్నానని తెలిసి.

ఇరవై రెండో ప్రశ్న: తొడుగు వాడారా? అవును, కాదు.
రెంటికీ మధ్య గీత మీద పెన్ను ఆనించి
కాసేపు కూర్చున్నాను.
తర్వాత పక్క ఖాళీలో రాశాను:
ఎడమ చేతికి.